బేజుబాన్ అనే మాట

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెక్రటరీగారు మా ఇంటికి వచ్చి, "మాష్టారూ, ఎప్పటిలాగే విద్య మీద నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. విద్య మీద ఏటా చెబుతూనే వున్నాను. పిల్లలు వినటం మానేశారు. పెద్దలు వింటున్నట్టు తల వూపటం బాగా నేర్చుకున్నారు. అందుచేత ఈసారి వేరే విషయం ఎత్తుకుంటానని వారి దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను. మనిషికీ జంతువుకూ మధ్య మాటల్లేకుండా నడిచే బాంధవ్యం గురించి చెప్పాలని వుంది. ఇదేమి విషయం అనుకోకండి. ఈ హాలులో కూర్చున్నవారిలో సగం మంది తాతలను పోషించింది గుర్రమే గదా.

నేను ఉర్దూ చెప్పుకు బతికేవాణ్ణి. కనుక మాట దగ్గరే మొదలుపెడతాను. జంతువును మనం ఇంట్లో "బేజుబాన్" అంటాం. తెలుగులో నోరులేని జీవం, మూగజీవి అంటారు. జుబాన్ అంటే నాలుక, జుబాన్ అంటే భాష కూడా. గుర్రానికి నాలుక వుంది, అది అందరూ ఒప్పుకునేదే. ఇక భాష లేదన్నది ఎవరు తేల్చారు? మనకు రాని భాషను లేని భాష అనటం చాలా సులభం. మా స్కూలుకు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఉర్దూ రాక, "ఈ పిల్లలకు చదవటం రాదు" అని రాసిపోయాడు. అట్లాగే వుంటుంది యిదీను.

మన గుంటూరులో రైలు స్టేషన్ ముందు జట్కాల వరసలు చూసినవారు మీలో చాలామంది వున్నారు. పిల్లల కోసం చెబుతున్నాను, జట్కా అన్న మాట మన ఇళ్ళలోని "ఝట్కా" నుంచి వచ్చిందే. కుదుపు అని ఒక అర్థం, చటుక్కున అని ఇంకొక అర్థం. ఎక్కినవాళ్ళకు రెండు అర్థాలూ ఒకేసారి తెలిసేవి. తెలంగాణా వైపు టాంగా అంటారు. మన జిల్లాల్లో జట్కా తోలటం ఎక్కువగా మనవాళ్ళ వృత్తి. జట్కా సాయిబు అనేది ఒక పేరుగా, ఒక్కొక్కప్పుడు ఒక ఎగతాళిగా కూడా వుండేది. ఎగతాళి చేసినవాళ్ళకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ సాయిబు రోజంతా ఇంకొక జీవితో సంభాషణ నడుపుతూ వుండేవాడు.

మా దాదా జట్కా తోలారు. మాకు చాందినీ అని ఒక ఆడ గుర్రం వుండేది. నుదుట తెల్లమచ్చ, దాన్ని బట్టి ఆ పేరు. తెల్లవారకముందే లేచి దానికి మాలీసు చేయటం, నానబెట్టిన ఉలవలు పెట్టటం, డెక్కలు ఎత్తి లాడాల సందున చిక్కిన రాళ్ళు తీయటం ఆయన పని. నేను బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని చూస్తూ వుండేవాణ్ణి. పక్కకు వెళ్ళేముందు ఆయన ప్రతిసారీ ఏదో ఒక చప్పుడు చేసేవారు. "ఎందుకు దాదా, అది చూస్తూనే వుందిగదా" అంటే, "వెనక చూడలేదు రా" అనేవారు. నిజమే. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కల వుంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ, సరిగ్గా తోక వెనకాల, నుదుటికి ఎదురుగా బాగా దగ్గర కనిపించదు. వెనక నుంచి చెప్పకుండా చేయి వేస్తే తన్నుతుంది. అది పొగరు కాదు, భయం.

చెవులు ముందుకు నిక్కితే ఏదో ఆసక్తిగా చూస్తోందని. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వుంటే దారినీ వింటోంది, తోలేవాణ్ణీ వింటోంది. రెండూ మెడకు అంటుకునేట్టు వెనక్కు పడితే దూరం జరగాలి. వెనక కాలు ఒకటి మడిచి, డెక్క అంచు మాత్రం నేలకు ఆనించి, కింది పెదవి వేలాడేసిందంటే నిశ్చింతగా వుందన్నమాట. అప్పుడు లేపి బండి కట్టరాదు. ఇవన్నీ దాదా నాకు పాఠంగా చెప్పలేదు. ఆయనకు అలిఫ్ బే కూడా సరిగా రావు. చూస్తూ వుంటే నాకు వచ్చినవి.

ఇంకొక సంగతి మీకు గుర్తుండే వుంటుంది. జట్కా ఎక్కగానే సాయిబు "అమ్మా, కొంచెం ముందుకు జరగండి", "అయ్యా, మీరు వెనక్కు జరగండి" అని సతాయించేవాడు. జనం విసుక్కునేవారు. సినిమాల్లో నవ్వించటానికి కూడా వాడుకున్నారు. అసలు సంగతి, జట్కాకు రెండే చక్రాలు. బరువు వెనక్కు పోతే నొగలు పైకి లేచి, పొట్ట కింది పటకా గుర్రాన్ని బిగిస్తుంది. ముందుకు వస్తే మొత్తం దాని వీపు మీద పడుతుంది. ఆ మధ్య తూకం ఎక్కడుందో గుర్రం నడక చెబుతుంది. సాయిబు దాన్ని తెలుగులోకి తర్జుమా చేసి ప్రయాణీకులకు చెప్పేవాడు. అంతే. నా దృష్టిలో ఆయన మంచి అనువాదకుడు.

చర్నాకోల కూడా వుండేది, లేదనను. దాని కర్రను తిరిగే చక్రం ఆకులకు ఆనిస్తే టకటకమని మోగేది. దారిన పోయేవాళ్ళు తప్పుకునేవారు, గుర్రం అడుగు పెంచేది. దెబ్బ కంటే ఎక్కువగా ఆ చప్పుడుతోనే బండి నడిచింది. అందరూ అట్లా నడిపారని చెప్పను. వీపులు పుండ్లుపడ్డ గుర్రాలనూ అదే స్టాండులో చూశాను. తిండి చాలని మనిషి కోపం తిండి చాలని గుర్రం మీదికి పోతుంది. అదీ మన చరిత్రలోదే, దాచటం దేనికి?

ఒక రాత్రి చాందినీ ఉలవలు సగంలో వదిలేసింది. మాకు ఏమీ తెలియలేదు. దాదా లాంతరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అది తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంది. కాసేపటికి మళ్ళీ చూసుకుంది. ముందు కాలితో నేల గీరింది. దాదా వెంటనే తాడు విప్పి దాన్ని వీధిలోకి తీసుకువెళ్ళి నడిపించటం మొదలుపెట్టారు. గుర్రానికి వాంతి రాదు. కడుపులో ఏది బిగిసినా ప్రాణం మీదికి వస్తుంది. నొప్పికి తాళలేక కిందపడి పొర్లితే పేగు మెలిపడవచ్చు. తెల్లవారేదాకా అదే వీధిలో ఆయన, అది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పొద్దున్నే పశువుల డాక్టరుగారు వచ్చి ముక్కులో నుంచి గొట్టం వేసి నూనె పోశారు. బతికింది. రెండుసార్లు డొక్క వైపు చూసుకుంది, అంతే అది చెప్పింది. ఆ రెండు చూపులు అందుకోగలిగినవాడు దగ్గర లేకపోతే తెల్లవారేసరికి చచ్చి వుండేది.

ఇప్పుడు జర్మనీ దేశం సంగతి ఒకటి చెబుతాను. అది కూడా ఒక మాష్టారిదీ, ఒక గుర్రానిదీ కథ. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే లెక్కల మాష్టారు ఒకాయన వుండేవారు. ఆయన తన గుర్రం హన్స్‌కు లెక్కలు నేర్పానన్నారు. ఏడూ అయిదూ ఎంత అంటే గుర్రం డెక్కతో పన్నెండుసార్లు నేల కొట్టి ఆపేది. జనం విరగబడి చూశారు. 1904లో 13 మంది పెద్దలతో ఒక సంఘం వేసి పరీక్షించారు. మోసం ఏమీ కనబడలేదు. ఆ తరువాత ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా కూర్చుని 1907లో తేల్చాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగేవాడు గుర్రానికి కనబడకపోయినా తెలియదు. ప్రశ్న వేసినవాడు డెక్క వైపు చూడటానికి తల కొంచెం వంచుతాడు. సరైన అంకె రాగానే తనకు తెలియకుండానే తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. గుర్రం అది చూసి ఆపేస్తుంది. రహస్యం తెలిసిన తరువాత కూడా ఫుంగ్స్ట్ తన తల కదలకుండా పూర్తిగా ఆపుకోలేకపోయాడట.

మా ఆరో తరగతి పిల్లలు కూడా యింతే. ఏడెనిమిదులు ఎంత అంటే "యాభై... యాభై నాలు..." అని నా ముఖం చూస్తారు. నా కనుబొమ్మ లేచిందా, "యాభై ఆరు" అంటారు. వాళ్ళను తిడతాం గానీ, అది కూడా ఒక విద్యే.

అప్పటి లోకం మాత్రం, "ఓహో, గుర్రానికి లెక్కలు రావా, ఇంతేనా" అని పెదవి విరిచింది. నాకు ఎప్పుడూ అదే ఆశ్చర్యం. లెక్కలు మనకూ వచ్చు. ఎదుటి మనిషి మనసులో "చాలు" అన్న మాట పుట్టిన క్షణాన్ని, ఆ మనిషికే తెలియని తల కదలికలో చదవటం మనలో ఎంతమందికి వచ్చు? ఇన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళకు వచ్చా? (పరదా అవతల నవ్వులు వినపడుతున్నాయి. జవాబు దొరికినట్టే.)

ఈమధ్య ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయంవారు దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్ళారు. 2015లో గుర్రం ముఖంలో 17 రకాల కదలికలు గుర్తించి రాశారు. 2016లో 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపితే, కోపపు ముఖం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది. 2018లో ఇంకొక సంగతి తేలింది. పొద్దున ఫోటోలో కోపంగా కనబడ్డ మనిషి, కొన్ని గంటల తరువాత మామూలు ముఖంతో ఎదురుగా వచ్చి నిలబడ్డా, గుర్రం అతన్ని జాగ్రత్తగానే చూసింది. జ్ఞాపకం పెట్టుకుందన్నమాట. దాదా బతికి వుంటే, "దీనికి విశ్వవిద్యాలయం దేనికి రా" అని వుండేవారు.

మన పెద్దలకు ఇంకా పాత ఉదాహరణ వుంది. అబూ దావూద్ సంకలనంలోని హదీసు, చాలామంది వినే వుంటారు. ప్రవక్తవారు (స) మదీనాలో ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయనను చూసి మూలిగింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆయన దగ్గరకు వెళ్ళి దాని చెవుల వెనక నిమిరారు. అది వూరుకుంది. అప్పుడు యజమాని ఎవరని విచారించి, ఆ యువకుణ్ణి మందలించారు. ఆకలికి మాడ్చుతున్నావని, మితిమీరి పని చేయిస్తున్నావని యిది నాతో మొరపెట్టుకున్నది అని. ఈ ఘట్టంలో నన్ను పట్టేది ఆ వరస. ముందు నిమరటం, తరువాత విచారణ. మనం సాధారణంగా విచారణతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం.

సరే, జట్కాలకు ఏమైంది? ఆటోలు వచ్చాయి. 1994లో మా అబ్బా కూడా ఆటో కొనాలన్నారు. మొదటి వాయిదాకు డబ్బు కావాలంటే చాందినీని అమ్మాలి. దాదా వొప్పుకోలేదు. బేరాలు అప్పటికే పడిపోయాయి. సంపాదించని గుర్రం కూడా సంపాదించే గుర్రమంతే తింటుంది. ఒకరోజు మా దాదీ, "ఇంట్లో పసివాడికి పాలు లేవు, దానికి ఉలవలు ఎక్కడినుంచి తెస్తారు?" అని నిలదీసింది. దాదీది కఠిన హృదయమని నేను అనుకోను. ఆమె అడిగిన దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ రోజుల్లో కొందరు రాత్రిపూట గుర్రాన్ని వూరి బయట వదిలేసి వచ్చేవారు. అవి తెల్లవారేసరికి అదే స్టాండుకు వచ్చి, బండి లేకుండా, తమ జాగాలో నిలబడి వుండేవి.

చివరకు బాపట్లలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రం పెట్టే ఆయన కొనుక్కున్నాడు. పదో రోజున వెతుక్కుంటూ వచ్చాడు. "సాయిబుగారూ, నీళ్ళు తాగుతోంది, ఉలవలు ముట్టటం లేదు" అన్నాడు. దాదా చిన్న మూట కట్టుకుని రైలెక్కారు. నాకు పద్నాలుగేళ్ళు, తోడుగా నన్ను పంపారు. అతని పాకలో నాలుగు రాత్రులు పడుకున్నాం. మొదటి రోజు దాదా తినిపించారు, కొన్నాయనను పక్కన నిలబడమన్నారు. రెండో రోజు ఇద్దరి చేతులూ ఒకే బుట్టలో. మూడో రోజు దాదా గోడ చాటున నిలబడి నాలుకతో ఆ పాత చప్పుడు మాత్రం చేశారు, బుట్ట అతని చేతిలో వుంది. సాయంత్రానికి ఆ చప్పుడు కూడా అతని చేతనే చేయించారు. అతనికి సరిగా రాలేదు. పది, ఇరవైసార్లు చేయించారు, నేను హిఫ్జ్ పిల్లల చేత చేయించినట్టు. నాలుగో రోజు ఫజర్‌కు ముందే, దానికి కనబడకుండా, పాక వెనకగా బయటపడి స్టేషనుకు నడిచాం. దారిలో ఏమీ మాట్లాడలేదు. నేను, "ఒక్కసారి చూసి వద్దాం దాదా" అన్నాను. "నన్ను చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది" అన్నారు.

ఆ తరువాత ఆయన బాపట్ల వెళ్ళలేదు. మా మేనత్త కూతురి పెళ్ళి అక్కడ జరిగితే దానికీ వెళ్ళలేదు. అలిగారనుకున్నారు చుట్టాలు.

జంతువును ప్రేమించటమంటే ఎప్పుడూ పక్కన వుంచుకోవటమే అనుకునేవారికి ఈ సంగతి చెబుతూ వుంటాను. ఆయన గుర్రంతో పాటు దాని భాషను కూడా అప్పగించి వచ్చారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఇప్పటికీ మనవాళ్ళు కొందరు ఊరేగింపులకు గుర్రాలు నడుపుతున్నారు. జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. బండి లాగే, బరువు మోసే జంతువుల నియమాలు 1965లో వచ్చాయి. రోజుకు తొమ్మిది గంటలు మించరాదు. అయిదు గంటలకొకసారి విశ్రాంతి ఇవ్వాలి. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించరాదు. బండిలో తోలేవాడు, చిన్నపిల్లలు కాక నలుగురికి మించరాదు. 2015లో బొంబాయి హైకోర్టు అక్కడి విక్టోరియా బండ్లు నడపరాదని తీర్పు చెప్పింది. బండివాళ్ళ పొట్ట సంగతి, గుర్రం వీపు సంగతి రెండూ ఒకేసారి చూడటం కోర్టులకు కూడా కష్టమే. మన గుంటూరు వేసవికి 37 డిగ్రీలు ఒక లెక్కా? బాజాల మధ్య, జనరేటరు లైట్ల మధ్య గంటల తరబడి నిలబెట్టే గుర్రం చెవులు ఎటు వున్నాయో ఒకసారి చూడండి. పెళ్ళికొడుకు తరువాత ఎక్కవచ్చు.

జట్కాలు పోయాక మనలో చాలామంది ఇళ్ళకు వచ్చే జంతువు ఒక్కటే, బక్రీదు పొట్టేలు. ఎవరికీ ఇబ్బంది కలిగించాలని కాదు గానీ, ఇది చెప్పకపోతే నా ప్రసంగం సగమే అవుతుంది. నాలుగు కాళ్ళూ కట్టి, స్కూటరు మీద అడ్డంగా వేసుకుని, తల కిందికి వేలాడుతూ తీసుకువస్తున్నాం. నీళ్ళు పెట్టటం మరిచిపోతున్నాం. జంతువు ఎదుట కత్తి నూరరాదని, ఒకదాని ముందు ఇంకొకదాన్ని కోయరాదని మన మౌల్వీసాబులు చెబుతూనే వున్నారు. అది చూస్తుంది, దానికి తెలుస్తుంది అని ఒప్పుకున్నవాళ్ళు పెట్టిన నియమం అది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. వారం పది రోజులు దానికి ఆకు తినిపించిన పిల్లవాడు పండుగ రోజు ఏడుస్తాడు. "మగపిల్లాడివి, ఏడుస్తావేమిటి" అని కసురుతారు. ఈ బాధ దేనికని ముందు రోజు రాత్రి మాత్రమే కొనేవాళ్ళు కూడా వున్నారు. కసరకండి. ఇవ్వటానికి కష్టమైనదాన్ని ఇవ్వటమే కుర్బానీ అయితే, ఆ ఇంట్లో దాన్ని బాగా తెలుసుకున్నది ఆ పిల్లవాడే. దగ్గర కూర్చోబెట్టుకోండి, చాలు.

ఇక కమిటీవారికి ఒక మనవి చేసి దిగిపోతాను. వెనకటికి బజార్లలో, స్టేషన్ల దగ్గర గుర్రాలకు, ఎద్దులకు రాతితొట్లు వుండేవి. ఇప్పుడు మే నెలలో మన షాదీఖానా వీధిలో ఆవులు, మేకలు, కుక్కలు మురుగుకాలువలో మూతిపెడుతున్నాయి. గోడ బయట ఒక సిమెంటు తొట్టి కట్టించాలి. మేకపిల్లకు కూడా అందేట్టు ఒక పక్క ఎత్తు తగ్గించాలి. పాచి పట్టకుండా, దోమలు చేరకుండా వారానికి రెండుసార్లు కడిగి నింపాలి. ఆ పని మా ఏడో తరగతి పిల్లలు వంతులవారీగా చేస్తామన్నారు, పేర్లు కూడా రాసి ఇచ్చారు, ఇవిగో నా జేబులో వున్నాయి. కొళాయి గేటు లోపల వుంది. కనుక గేటు తాళంచెవి ఒకటి వాళ్ళకు ఇప్పించండి.

ఖుదా హాఫిజ్.